గ్రామఫోను పెట్టెలోని అపస్వరములు

గత వేసవి సెలవులకు కొన్ని దినములు ముందు పదవ తరగతి బాలిక యొకతె తన అన్నతో కలిసి, సైకిలు వెనుక కట్టుకొని ఒక నల్లని పెట్టెను మా పాఠశాలకు తెచ్చెను. అది వారి తాత వాడిన గ్రామఫోను. తాత గతించి చాల కాలమైనది. పెట్టె అటకమీద రాగుల మూటల నడుమ పడియుండెను. దానిని గూర్చి ఆ యింట మూడభిప్రాయములు కలవట. పాత సామానులవానికి తూకమునకు వేయవలెనని మామ. పెట్టె మంచిదే, ప్లేట్లు పాడైనవి, వానిని పారవేయవలెనని చిన్నాన్న. ఏది పారవేసినను ముందుగా తాను ఒక్కమారు హరిశ్చంద్ర పద్యము వినవలెనని అవ్వ.

అవ్వ కోరికయే నెగ్గెను. కాని కీ యిచ్చి ప్లేటు పెట్టగా వినవచ్చినది పద్యము మాత్రమే కాదు. గాయకుని గొంతు ఊయలవలె ఊగుచుండెను. నడుమ నడుమ టక్కు టక్కుమను చప్పుడు. అప్పుడప్పుడు పెట్టె లోపల ఎవరో గుద్దినట్లు ధడ్డుమను మ్రోత. వీనికి తోడు ఎడతెగని గరగర. గొంతు పైస్థాయి నందుకొన్నచోట కందిరీగ జుమ్మన్నట్లు ఒక రొద. అవ్వ రెండు నిమిషములు విని, "ఇది ఆ గొంతు కాదు నాయనా, ఎవరో ఎగతాళికి పాడినట్టుంది" అని లేచిపోయెను.

మామ మాట నెగ్గకమునుపే ఆ పెట్టెను మా యొద్దకు తెచ్చితినని బాలిక చెప్పినది. రొద ఎచ్చట పుట్టుచున్నదో తెలియక పెట్టెను నిందించినచో పెట్టె పోవును; ప్లేటును నిందించినచో ప్లేటు పోవును. పెట్టెవంటిది వెదకిన మరియొకటి దొరకవచ్చును. ప్లేటుమీది కాగితపు బిళ్లపై అక్షరములు చెరిగిపోయినవి; పాడినవారెవరో ఇంటివారికే తెలియదు. అట్టిది పగిలిన మరల దొరకునను ఆశ లేదు. కనుక దానిని బాగుచేయుటకంటె ముందు, తప్పు దేనిదో తేల్చుటయే పనిగా పెట్టుకొని, మేమును మా విద్యార్థులును నాలుగు సాయంకాలములు దానితో గడపితిమి. అప్పుడు తెలిసికొన్న సంగతులను ఈ సంచికలో వ్రాయుచున్నాము. మన తాలూకాలో అటకలమీద ఇట్టి పెట్టెలు ఇంకను ఉండవచ్చును.

ముందుగా ఆ యంత్రము పలుకు విధమును తెలిసికొందము. ప్లేటుమీద మనకు కనబడు సన్నని గీతలు వేలకొలది గీతలు కావు. అది అంచునుండి నడిమికి చుట్టుకొనుచు పోవు ఒక్కటే గాడి. ఆ గాడి తిన్నగా పోక కుడియెడమలకు సన్నగా వంకరలు తిరుగుచుండును. ప్లేటు తిరుగునప్పుడు గాడిలోని ముల్లు ఆ వంకరలను బట్టి అటునిటు కదలును. (ముల్లు అను మాట కన్నడమునను తెలుగునను ఒకటే కనుక దీని పేరు విషయమై మా తరగతిలో తగవు రాలేదు.) ముల్లు ఒక చిన్న లోహపు కడ్డీకి బిగింపబడియుండును. ఆ కడ్డీ రెండవ కొన సౌండుబాక్సు లోపలి పలుచని రేకును తట్టుచుండును. పాత నమూనాలలో ఈ రేకు అభ్రకము. తరువాతి వానిలో అల్యూమినియము. రేకు కదలిన గాలి కదలును. ఆ గాలి బోలుగానున్న చేతిగుండా పోయి బూరాలో పెద్దదై మన చెవిని చేరును. ఇందు విద్యుత్తు లేదు. ముల్లు కదలికయే గొంతు. కనుక ముల్లును కదలించునది ఏదైనను, గాడియైనను, వదులైన మరయైనను, అడుగుననున్న చక్రమైనను, అదియును గొంతుతో కలిసియే వినబడును.

1877లో ఎడిసను తగరపు రేకు చుట్టిన స్తంభముమీద మాటను పట్టెను. 1887లో బెర్లినరు దానిని పలుచని బిళ్లగా మార్చెను. 1902లో గైస్‌బర్గు అను నతడు కలకత్తాకు వచ్చి మన దేశపు గాయకుల పాటలను పట్టెను. వారిలో గౌహర్ జాన్ పేరు మిక్కిలి ప్రసిద్ధి. ఆమె కడపటి దినములలో మైసూరు ఆస్థానమున ఉండి 1930లో ఆ నగరముననే కన్నుమూసెను. మొదట మన పాటలు జర్మనీ దేశమున అచ్చై ఓడలమీద తిరిగి వచ్చెడివి. 1908లో కలకత్తాలోనే ప్లేట్లు అచ్చువేయు కర్మాగారము వెలసెను. ఆ తరువాత తెలుగు నాటకపు పద్యములు ఊరూర ప్రాకినవి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య మున్నగువారి గొంతులు, వారి నాటకమును ఏనాడును చూడని పల్లెలకు సైతము ప్లేట్లమీద చేరినవి. మూడు దిక్కుల ఆంధ్రదేశమును, చుట్టును కన్నడ పాఠశాలలును గల మన తాలూకాలో, బడి లేని కాలమున తెలుగు పద్యమును ఇంట నిలిపినవానిలో ఈ పెట్టెయు ఒకటియని మా నమ్మకము.

ఇక రొదల సంగతి. మేము కనుగొన్న మార్గము మిక్కిలి సులభము. చేతిగడియారమును చెవియును ఉన్న చాలును. రొద ఎట్టిదని అడుగుటకు ముందు, అది ఎంతసేపటికొకమారు వచ్చుచున్నదని అడుగవలెను. యంత్రములోని ఒక్కొక్క భాగము ఒక్కొక్క వేగముతో తిరుగును. ఏ రొద ఏ భాగముతో సమానముగా నడచునో అది ఆ భాగమునకు చెందినది. ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. అనగా పది సెకన్లలో సరిగా 13 చుట్లు. పది సెకన్లలో 13 మార్లు వినబడు చప్పుడు ప్లేటుదో, ప్లేటును మోయు పళ్ళెముదో అయితీరవలెను. అంతకంటె చాల వేగముగా, లెక్కకందక గరగరలాడునది లోపలి సన్న చక్రములదో గవర్నరుదో. అంతకంటె చాల మెల్లగా, ఒక వరుస లేక వచ్చునది స్ప్రింగుది. కాలముతో సంబంధమే లేక, గొంతు పెద్దదైనప్పుడు మాత్రమే వచ్చి గొంతు తగ్గగానే పోవునది సౌండుబాక్సుది లేక ముల్లుది.

ఈ లెక్కకు తోడు మూడు పరీక్షలు. ముల్లును ఎత్తిపట్టి ప్లేటును ఊరక తిరుగనిచ్చినప్పుడును రొద ఉన్నచో అది యంత్రముది. ప్లేటు మార్చగా పోయినచో ప్లేటుది. కొత్త ముల్లు పెట్టగా పోయినచో ముల్లుది. ఈ మూడును చేయకుండ స్క్రూడ్రైవరు పట్టుకొనరాదని మా విద్యార్థులకు గట్టిగా చెప్పితిమి. అయినను ఒకడు మొదటి సాయంకాలమే రెండు మరలు విప్పివేసెను. వానిలో ఒకటి దొరకుటకు అరగంట పట్టినది.

అవ్వ పెట్టె విషయమున ముల్లు ఎత్తి వినగా గరగరయు, ధడ్డుమను మ్రోతయు అట్లే ఉన్నవి. ఊగుటయు, టక్కు చప్పుడును, కందిరీగ రొదయు ఆగినవి. ఐదు తప్పులలో రెండు యంత్రమునకు చేరినవి, మూడు మిగిలినవి.

గరగరను ముందుగా పట్టితిమి. పళ్ళెము క్రింద గవర్నరు అను చిన్న సాధనము కలదు. మూడు సన్నని ఉక్కు రేకులకు మూడు చిన్న తూనిక గుండ్లు బిగించి యుండును. అవి గిర్రున తిరుగునప్పుడు గుండ్లు వెలుపలికి ఎగయును. ఎగసినకొలది ఒక బిళ్ల జరిగి తోలుముక్కకు ఒరసికొనును. ఒరసికొన్న వేగము తగ్గును. తగ్గిన గుండ్లు దిగును, ఒరపిడి వదలును. రంగులరాట్నములో కూర్చున్నవారు వెలుపలికి తోయబడినట్లు భావించుట మన బాలురెరుగుదురు. ఆ సూత్రమే ఇచ్చట కావలి కాయుచున్నది. స్ప్రింగు నిండుగా చుట్టియున్నప్పుడును, సగము విడిపోయినప్పుడును ప్లేటు ఒకే వేగముతో తిరుగుటకు కారణము ఇదియే. మూడు గుండ్లలో ఒకటి వదులైనను, ఒక రేకు విరిగినను తూకము తప్పి గవర్నరు వణకును. ఆ వణుకు పెట్టె చెక్కకు తగిలి గరగరమనును. తోలుముక్క ఎండినచో గరగరకు బదులు కీచుమను ధ్వని వచ్చును. మన పెట్టెలో రెండును ఉన్నవి. ఒక గుండు మర సగము ఊడియున్నది. తోలు ఎండి బెరడువలె ఉన్నది. మరను బిగించి, తోలుమీద కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు వేయగా గరగర అణగినది. ఒక్క బొట్టు అంటిమి, రెండవది వలదు. పూర్వమెవరో దయతలచి చక్రముల నిండ కొబ్బరినూనె పోసినట్లున్నది. అది దుమ్ముతో కలిసి లక్కవలె గట్టిపడియున్నది. మన ప్రాంతపు దుమ్మునకు కొబ్బరినూనె తోడైనచో ఏ యంత్రమును నిలువదు. కిరసనాయిలులో ముంచిన గుడ్డపేలికతో దానిని తుడుచుటకే ఒక సాయంకాలము గడచినది.

ధడ్డుమను మ్రోత వేరు జాతిది. కీ యిచ్చునప్పుడు మనము చుట్టునది ఒక పొడవైన ఉక్కుపట్టీ. అది గుండ్రని డబ్బాలో చుట్లు చుట్లుగా ఇమిడియుండును. చుట్లు ఒకదానిపై ఒకటి జారుటకై గ్రాఫైటు కలిపిన గ్రీజు పూసియుందురు. ఏండ్లు గడచి ఆ గ్రీజు ఎండినచో చుట్లు అంటుకొనిపోవును. పెట్టె పాడుచుండగా అంటుకొన్న చుట్టు ఒక్కమారుగా ఊడివచ్చును. అప్పుడు ధడ్డుమనును, ముల్లు గాడి దాటి ఎగురుటయు కలదు. నలుబది వేసవులు అటకమీద రేకుల కప్పు క్రింద వేగిన గ్రీజు ఎండకేమగును? దీనికి డబ్బా విప్పి, పాత గ్రీజును కడిగి, కొత్తది పూయుట తప్ప వేరు మందు లేదు.

తలిదండ్రులు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపవలెను. ఆ డబ్బాను పిల్లలు విప్పరాదు. కీ అంతయు విడిపోయిన తరువాతను ఆ పట్టీ డబ్బాలో అణగి బిగుసుకొనియే ఉండును. మూత తీసి లాగినచో కొరడావలె ఎగిరి చేతిని, ముఖమును కోయును. మేమును విప్పలేదు. హిందూపురమున కుట్టుమిషన్లను గడియారములను బాగుచేయు ఒక పెద్దాయన, కీ పూర్తిగా దించి, చేతులకు మందపు గుడ్డ చుట్టుకొని, మా ఎదుటనే ఆ పని చేసెను. డబ్బు పుచ్చుకొనలేదు. పద్యము పలికినప్పుడు తనకును వినిపింపవలెనని మాత్రము అడిగెను.

ఇక ఊగు గొంతు. ఇది మాకు మిక్కిలి ఆసక్తి కలిగించిన భాగము, ఏలన ఇందు గణితము కలదు. ముందుగా వేగము సరిగా ఉన్నదా యని చూడవలెను. ప్లేటు అంచున చిన్న కాగితపు ముక్క అంటించి, అరనిమిషములో అది 39 మార్లు ఎదుటికి వచ్చునట్లు వేగపు మీటను సరిచేయవలెను. ముల్లు గాడిలో ఉండగానే లెక్కింపవలెను. ముల్లు బరువునకు వేగము కొంత తగ్గును కదా. వేగము తప్పినచో శ్రుతి తప్పును. హార్మోనియముపై ఒక మెట్టునుండి దాని ప్రక్క మెట్టునకు, తెలుపు నలుపులు రెండును లెక్కించి, కంపనముల తేడా నూటికి సుమారు ఆరు. 78కి బదులు 72 చుట్లే తిరిగినచో గొంతు నూటికి దాదాపు ఎనిమిది వంతులు దిగును. అనగా ఒక మెట్టుకంటె ఎక్కువ. గాయకుడు ముసలివాడైనట్లు తోచును. వేగము పెరిగినచో పురుషుడు బాలుడగును. అయితే మిక్కిలి పాత ప్లేట్లన్నియు సరిగా 78 చుట్లకే పట్టినవి కావు. అట్టివానికి హార్మోనియము చెంతనుంచుకొని చెవితోనే సరిచూడవలెను.

(ట్యూబులైటు వెలుగులో పరీక్షించు మరియొక విధము కలదు. విద్యుద్దీపము సెకనుకు నూరు మార్లు మినుకును గనుక, 77 గీతలు గల గుండ్రని కాగితమును ప్లేటుపై నుంచినచో, వేగము 78కి దగ్గరగా సరిపడినప్పుడు ఆ గీతలు నిలిచినట్లు కనబడును. మేము ప్రయత్నించితిమి, గీతలు నిలువలేదు. పిదప చూడగా పాఠశాలలోనివి అన్నియు కొత్త ఎల్.ఇ.డి. దీపములు, వానిలో చాలవరకు అట్లు మినుకవు. పాత చోకు ట్యూబు ఒకటి వెదకి తెచ్చిన తరువాత గీతలు నిలిచినవి.)

వేగము సరిపడినను గొంతు ఊగుచునే ఉండెను. లెక్కించితిమి: పది సెకన్లలో 13 ఊపులు. కనుక యంత్రము నిర్దోషి, తప్పు ప్లేటుది. ప్లేటు నడిమి రంధ్రము గాడికి సరిగా మధ్యన లేనప్పుడు ఇట్లగును. రంధ్రము ఒక మిల్లీమీటరు ప్రక్కకు తొలగినదనుకొందము. అంచు సమీపమున గాడి నడిమినుండి నూరు మిల్లీమీటర్ల దూరమున ఉండును. అచ్చట ముల్లు క్రింద గాడి వేగము ఒక చుట్టులో నూటికి ఒకటి పెరిగి, నూటికి ఒకటి తగ్గును. పాట చివర గాడి యాబది మిల్లీమీటర్ల దూరమునకు వచ్చును. అప్పుడు ఆ తేడా నూటికి రెండగును. అందుచేతనే అట్టి ప్లేటు మొదట కొంచెము, చివర మిక్కిలి ఊగును. మాటలలో ఇది అంతగా తెలియదు. పద్యము చివర రాగము తీసి స్వరమును నిలిపినచోట దాగదు. అవ్వకు ఎగతాళిగా తోచినది ఈ చోటనే. గమకమునకును దీనికిని భేదము తెలియుటకు ప్లేటును చూడనక్కరలేదు. గమకము గాయకుని ఇచ్ఛ, ఈ ఊపు గడియారపు ఇచ్ఛ.

దీనికి మందు మనకు కలిసివచ్చినది. తాత ఎన్నిమార్లు పెట్టి తీసెనో, రంధ్రము అరిగి నడిమి కడ్డీకంటె కొంత పెద్దదైయున్నది. ప్లేటును వ్రేలితో వెంట్రుకవాసి అటునిటు జరిపి, తిరుగునప్పుడు సౌండుబాక్సు చేయి కుడియెడమలకు ఊగక నిలకడగా లోపలికి పోవు చోటు కనుగొంటిమి. ఏడెనిమిది ప్రయత్నములు పట్టినవి. చేయి ఊగుట మానగా గొంతును ఊగుట మానినది. రంధ్రము బిగువుగా ఉన్న ప్లేటునకు ఈ ఉపాయము పనికిరాదు. దానిని ఆకురాయితో పెద్దది చేయబోయి పగులగొట్టుకొనుటకంటె ఊగు గొంతునే సహించుట మేలు.

టక్కు చప్పుడును లెక్కకు 13 మార్లే వచ్చినది. ప్లేటును ఎండకు ఏటవాలుగా పట్టి చూడగా అంచునుండి రెండంగుళముల మేర వెంట్రుకవంటి పగులు కనబడెను. ముల్లు ప్రతి చుట్టునను ఆ పగులును ఒకమారు దాటును. దీనికి చేయదగినది లేదు. జిగురు పూసినచో గాడి పూడును. పగులు పొడవు పెరుగకుండ చూచుకొనుటయే పని.

మిగిలినది కందిరీగ రొద. ఇది కాలమును అనుసరింపదు, గొంతును అనుసరించును. ఇట్టిదానికి తక్కువ ఖర్చు గల కారణమును ముందు చూడవలెను. ముల్లును బిగించు మర గట్టిగా ఉన్నదా? ఉన్నది. ముల్లు కొత్తదా? కాదు, పెట్టెలోని చిన్న గిన్నెనుండి తీసినది. కొత్త ముల్లు పెట్టగా రొద సగమైనది, పోలేదు. అప్పుడు సౌండుబాక్సును ఊడదీసి చూచితిమి. రేకు అంచును రెండు ప్రక్కల రబ్బరు వలయములు మెత్తగా పట్టియుండవలెను. ఆ మెత్తదనమువలననే రేకు స్వేచ్ఛగా కదలును. మన పెట్టెలో రబ్బరు గాజువలె గట్టిపడి, గోటితో తాకగా పొడి రాలినది. గట్టి అంచున రేకు బిగుసుకొని, పెద్ద స్వరమునకు తట్టుకొనలేక జుమ్మనుచుండెను. మందర స్వరములు కృశించుటకును ఇదియే కారణము. తగిన మందము గల సన్నని రబ్బరు గొట్టమును కొలతకు కోసి రెండు వలయములుగా అమర్చితిమి. ఇందు ఓర్పు కావలెను: వలయము బిగువైనచో గొంతు చిన్నదగును, వదులైనచో రొద మరల వచ్చును. రేకునకు తగులు కడ్డీ, రేకు ఊరకున్నప్పుడు దానిని లాగను తోయను రాదు. మొదటిమారు తప్పితిమి. రెండవమారును తప్పితిమి. మూడవమారు కుదిరినది.

ముల్లును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది, ఏలన ప్లేట్లను చంపునది అదియే. ఈ పాత ప్లేటు లక్కతో చేసినది. అందు మెత్తగా నూరిన రాతిపొడియు కలిసియుండును. ఉక్కుముల్లు ప్లేటుకంటె గట్టిదని పలువురి భావన. నిజమునకు రాతిపొడియే ముల్లును సానపట్టి, మొదటి కొన్ని చుట్లలోనే గాడికి సరిపడునట్లు అరుగదీయును. అరుగవలెననియే ఆ ముల్లును మెత్తని ఉక్కుతో చేసిరి. ఒక ప్రక్క పాట ముగియునప్పటికి దాని మొనకు రెండు వైపుల పదునైన చదును అంచులు ఏర్పడును. దానితోనే రెండవ పాట పెట్టినచో ఆ అంచులు ఉలివలె గాడి గోడలను చెక్కును. సౌండుబాక్సు బరువు నూరు గ్రాములకు మించియే ఉండును. ఆ బరువంతయు ముల్లు మొనమీదనే. అందుచేత ఒక ప్రక్కకు ఒక ముల్లు అనునది దుబారా కాదు. డబ్బాకు రెండువందల చొప్పున ముళ్లు అమ్మిన కాలముననే పొదుపరులైన గృహస్థులు ఒక్క ముల్లుతో పది పాటలు వినిరి. ఆ పొదుపు నేడు ప్లేట్లమీద బూడిదరంగు చారలై కనబడుచున్నది. వాడిన ముల్లును కొత్తవానిలో కలుపరాదు. తరువాతి కాలమున వచ్చిన 33, 45 చుట్ల మెత్తని ప్లేట్లను ఈ పెట్టెపై ఎన్నడును పెట్టరాదు. ఒక్క పాటతో అవి నాశనమగును.

మా అపరాధమును ఒకటి ఒప్పుకొనవలెను. అవ్వ ప్లేట్లలో పేరు లేని మరియొకటి మురికిపట్టియుండగా, ప్రయోగశాలలోని స్పిరిటుతో దూదిని తడిపి ఒక మూల తుడిచితిమి. దూది నల్లనైనది. మురికి వచ్చుచున్నదని సంతోషించి మరికొంత రుద్దితిమి. వచ్చినది మురికి కాదు, ప్లేటే. లక్క స్పిరిటులో కరగునని వడ్రంగి బల్లలకు పాలిషు పెట్టుట చూచిన ప్రతివాడు ఎరుగును. మాకు ఆ క్షణమున తోచలేదు. బొటనవ్రేలంత మేర గాడి చెరిగిపోయినది. బాలిక యేమియు అనలేదు. ఆ ప్లేటులో ఆ మేర ఏ మాటలుండెనో ఇక ఎవరికిని తెలియదు. చేతులకు పూసికొను శానిటైజరును అట్టిదే. లక్క ప్లేటును తుడువవలసినచో మంచినీటిలో కొలదిగా సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడి గుండ్రముగా తుడిచి, కాగితపు బిళ్ల తడియకుండ నీడలో నిలువుగా ఆరవేయవలెను. ఒకదానిపై ఒకటి పడుకొనబెట్టరాదు, ఎండలో ఉంచరాదు. మన చైత్రమాసపు ఎండకు ప్లేటు అప్పడమువలె వంగును.

ఈ లెక్కింపు పద్ధతి గ్రామఫోనునకే పరిమితము కాదు. పడమటి దేశములలో నాణెము వేసిన కోరిన పాట తానే ఎంచి పాడు జూక్‌బాక్సు అను పెద్ద యంత్రము కలదు. నాణెము వేసి పాట వినునట్టి మొదటి యంత్రమును లూయీ గ్లాసు అను నతడు 1889 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పెట్టెను. తరువాతి జూక్‌బాక్సులు చాలకాలము 78 చుట్ల ప్లేట్లనే వాడినవి. 1950లో సీబర్గు కంపెనీవారు 45 చుట్ల ప్లేట్ల యంత్రమును తెచ్చిరి. అట్టి యంత్రములను బాగుచేయువారికిని దారి ఇదియే. 45 చుట్ల ప్లేటు దోషము ఇరువది సెకన్లలో 15 మార్లు వినబడును. అంతకంటె వేగముగా ధబధబలాడినచో, రబ్బరు చక్రముతో పళ్ళెమును త్రిప్పు యంత్రములలో ఆ చక్రమును అనుమానింపవలెను. యంత్రము తిరుగక చిరకాలము పడియున్నప్పుడు ఒత్తిడి పడినచోట రబ్బరు చదునై గుంట పడును. ఎద్దుబండి చక్రమునకు ఒక ఆకు విరిగినచో ఏ శబ్దము ఎంతసేపటికి వచ్చునో మన పెద్దలు చూడకనే చెప్పగలిగెడివారు. వారిదియు ఈ విద్యయే.

నాలుగవ సాయంకాలము పెట్టెను అవ్వ యింటికి చేర్చితిమి. హిందూపురపు పెద్దాయనయు మాట తప్పక వచ్చెను. కొత్త ముల్లు బిగించి, కీ నిండుగా ఇచ్చి, ప్లేటును దాని చోటికి జరిపి పెట్టితిమి. గరగర లేదు, ధడ్డుమను మ్రోత లేదు, గొంతు నిలిచినది. టక్కు చప్పుడు మాత్రము దారితప్పని తాళమువలె మొదటి నిమిషమంతయు నడచి, పగులు ముగిసినచోట ఆగిపోయెను. అవ్వ కన్నులు మూసుకొని వినెను. పద్యము ముగిసిన పిదప, "ఆయనే" అనెను. ఆయన అనగా గాయకుడో, తాతయో మేమడుగలేదు.

ఒక్కచోట మాత్రము మేమేమియు చేయలేకపోతిమి. పద్యము చివర గొంతు మిక్కిలి పైకి పోవు తావున బుసబుసమను హోరు వచ్చి పదములను కప్పివేయును. అచ్చట గాడి బూడిదరంగుగా ఉన్నది. తాతకు ప్రియమైన చోటు అదియే కాబోలు. మొద్దుబారిన ముల్లుతో ఆ చోటునే మరల మరల వినియుండును. అరిగిన గోడను తిరిగి కట్టు విద్య లేదు. విద్యుత్తుతో నడచు టర్నుటేబులుపై, ఈ పాత గాళ్లకు తగినట్లు అంగుళములో వెయ్యింట మూడు వంతులుండు మొనగల ముల్లుతో, కొలది గ్రాముల బరువుతోనే చదివించినచో, అరుగక మిగిలిన గాడి భాగమునుండి కొన్ని పదములు దొరకవచ్చును. అట్టి సాధనము గలవారికొరకు విచారించుచున్నాము.

అందాక ఆ ప్లేటును ఏడాదికొక్కమారు, తాత తద్దినమునాడు, కొత్త ముల్లుతో మాత్రమే పెట్టవలెనని ఇంటివారు నిశ్చయించిరి. మామయు ఒప్పుకొనెను. మిగిలిన దినములలో అవ్వ వినుటకై ఆ సాయంకాలము బాలిక పద్యమును తన ఫోనులో పట్టుకొన్నది. అందు పెరటిలోని కోడికూతయు ఒకటి పడినది. అది ఎన్ని సెకన్లకొకమారు వచ్చునో మాత్రము లెక్కింపలేదు.